ఎవరి కష్టం వారి కంచంలో

మొన్న శనివారం సాయంత్రం ఒక తాపీమేస్త్రి గారి ఇంట్లో గృహప్రవేశ ప్రార్థన. రెండు గదులు, ముందు చిన్న వరండా. రంగు వాసన ఇంకా పోలేదు. వాక్యం చెప్పడానికి వచ్చిన సేవకుడు 128వ కీర్తన తియ్యమన్నారు. పెళ్లయినా, గృహప్రవేశమైనా మన సంఘాల్లో ఎక్కువగా వినబడేది అదే కదా, ఆరే వచనాలు. అయితే ఆయన యెహోవాయందలి భయభక్తుల సంగతి రెండు నిమిషాల్లో దాటేసి కారు, మేడ, అమెరికా వీసా అంటూ దీవెనల లెక్క చదవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. దీవెన అంటే ఆస్తి కాదు, మనసులో నెమ్మది అని ఈ వారం గట్టిగా రాయాలనుకుంటూనే ఇంటికొచ్చాను.

ఈ కాలమ్ చదివేవారికి నా పాత పట్టుదలలు తెలుసు. కుటుంబ ప్రార్థన అన్నానికి ముందే జరగాలి. టీవీ ఆగాలి. బైబిలు పిల్లలే చదవాలి, పైకి చదవాలి. పది నిమిషాలు దాటకూడదు. ఇవన్నీ మా తాత దగ్గర నేర్చుకున్నవి.

తాతది ఒంగోలు దగ్గర పల్లె. ఆయనకు చదువు రాదు. పొద్దుగూకి గొడ్లు ఇంటికి చేరాక నాయనమ్మ వసారాలో ఈతచాప పరిచి, లాంతరు చిమ్నీ పాతగుడ్డతో తుడిచి మధ్యలో పెట్టేది. చదవడం నా వంతు. నేను ఒక మాట మింగేస్తే తాత కళ్లు తెరవకుండానే ఆ మాట అందించేవాడు. కీర్తనలు ఆయనకు కంఠతా వచ్చు. తర్వాత మోకాళ్ల మీద ప్రార్థన. అందులో పాడిగేదె ఉండేది, వాన ఉండేది, తీర్చాల్సిన అప్పు ఉండేది.

ఒక రాత్రి ఆ ప్రార్థన మధ్యలో, "దేవా, ఇయాల మజ్జిగ పల్చగా ఉందని దాన్ని కసిరాను. అది పొద్దున్నించీ కలుపుతీతకు పోయి వచ్చింది. నన్ను క్షమించయ్యా" అన్నాడు. నేను కళ్లు తెరిచేశాను. నాయనమ్మ కొంగు తల మీదికి లాక్కుంటోంది. ఆ రాత్రి అందరికంటే ముందు ఆమేన్ అన్నది ఆమె. అన్నం దగ్గర ఇద్దరూ ఎప్పటికంటే ఎక్కువ మాట్లాడుకున్నారు.

ఇంటి పెద్ద తనకంటే పెద్దవాడి ముందు రోజూ మోకరిస్తుంటే ఆ ఇంట్లో పిల్లలకు పెద్దవాళ్లంటే బెదురు ఉండదు. తాత కోపిష్టే. అయినా మేమెవరం ఆయనకు భయపడలేదు, ఎందుకంటే ఆయన ఎవరికి జవాబు చెప్పుకుంటాడో రోజూ చూస్తున్నాం. దైవభయం ఇంటికి సంతోషం ఎలా తెస్తుందని ఎవరైనా అడిగితే నేను చూసిన జవాబు ఇది. 128వ కీర్తనలో పిల్లలు ఒలీవ మొక్కల్లా భోజనపు బల్ల చుట్టూ ఉంటారంటాడు. ముసలి ఒలీవ మొదలు చుట్టూ వేర్లలోంచి కొత్త కొమ్మలు లేస్తాయి, మన పెరట్లో అరటిచెట్టు చుట్టూ పిలకల్లాగా. పెద్దవాళ్లంటే భయం ఉన్న ఇంట్లో పిల్లలు కంచం చుట్టూ అలా చేరరు, మూలలు వెతుక్కుంటారు.

ఇక్కడిదాకా వస్తే మనసులో నెమ్మదే దీవెన అన్న నా మాట నిలిచినట్టే అనిపిస్తుంది. కానీ తాత దాన్ని ఒప్పుకోడు. ఆయన గేదె కోసం ప్రార్థించినవాడు. ఆ కీర్తన కూడా ఒప్పుకోదు. భార్యాబిడ్డల కంటే ముందు అది చెప్పే దీవెన, నీ చేతులతో కష్టపడింది నువ్వే తింటావని. యెరూషలేము పండుగలకు నడిచివెళ్లే యాత్రికులు పాడుకున్న పదిహేను యాత్ర కీర్తనల్లో ఇదొకటి. పాడినవాళ్లలో పొలం దున్నేవాళ్లుంటారు, పంట చేతికొచ్చాక దోపిడీగాళ్ల పాలు కావడం చూసినవాళ్లుంటారు. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో శాపం ఏమిటంటే, ఇల్లు కట్టి అందులో కాపురం ఉండకపోవడం, నీ కష్టం ఊరూపేరూ తెలియనివాడు తినిపోవడం.

మా పెద్దవాళ్లకు ఇది పుస్తకంలో సంగతి కాదు. వాళ్ల చెమటతో పండిన గింజ ముందు ఆసామి గాదెకు పోయేది. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంతమేర కాంట్రాక్టు తీసుకుని ఒంగోలు చుట్టుపక్కల మాలమాదిగలకు పని పెట్టాడు. పారపట్టి కూలి తెచ్చుకుని తిన్నారు. కూటికోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో విశ్వాసంలోకి వచ్చినవాళ్లు పట్టుకున్న కట్టడల్లో ఒకటి ఆదివారం పని మానడం. ఆసాములు కొట్టారు, ఇక పని ఇవ్వం పొమ్మన్నారు. అయినా వారానికి ఒక పగలు భార్య, భర్త, పిల్లలు కలిసి ఉన్నారు. దేవుడి మీది భక్తి వాళ్ల సంసారానికి మొదట తెచ్చిపెట్టింది ఆ ఒక్క పగలు. దాన్ని చిన్న దీవెన అనడానికి నాకు నోరు రాదు.

కాబట్టి ఇరవై ఏళ్లకు పైగా ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ కట్టి, ఇప్పుడు సొంత గోడల మధ్య నిద్రపోతున్న మేస్త్రికి దీవెన మనసులోనే ఉంటుందని నేను చెప్పను. ఆ రెండు గదులు అచ్చంగా దీవెనే. కారు, వీసా లెక్క మీద నా అభ్యంతరం వేరు. ఆ ప్రసంగం ఇంటి గడప దగ్గరే ఆగిపోయింది. కీర్తన ఆగదు. కంచంలో మొదలై, భార్యనూ పిల్లలనూ తాకి, యెరూషలేము క్షేమం దాకా వెళుతుంది. తాత కూడా అప్పు సంగతి అయ్యాక పల్లెలో జ్వరంతో ఉన్నవాళ్లను ఇంటిపేర్లతో సహా తలుచుకునేవాడు. కూలి ఎగ్గొట్టిన ఆసామి ఇంటినీ వదిలేవాడు కాదు. మేం పిల్లలం ఆకలితో కదులుతుండేవాళ్లం. అందుకే పది నిమిషాల నియమంలో ఇవాళ ఒక సడలింపు ఇస్తున్నాను. పొరుగువాళ్ల పేర్లు మొదలయ్యాక గడియారం చూడొద్దు, అన్నం చల్లారినా సరే.