మెహతా సూత్రాలు, టావో అసమానతలు

మదన్‌లాల్ మెహతా ‘రాండమ్ మాట్రిసెస్’ 1967లో వచ్చింది. టెరెన్స్ టావో ‘టాపిక్స్ ఇన్ రాండమ్ మాట్రిక్స్ థియరీ’ 2012లో వచ్చింది. మాత్రికలోని అంకెలను యాదృచ్ఛికంగా నింపితే ఐగెన్ విలువలు ఎలా పరుచుకుంటాయన్నదే రెండింటి ప్రశ్న. జవాబు రాబట్టే తీరులో మాత్రం పొంతన లేదు.

మెహతా భౌతికశాస్త్రం నుంచి వచ్చినవారు. బరువైన పరమాణు కేంద్రకాల శక్తి స్థాయిల కోసం విగ్నర్ తెచ్చిన ఆలోచనను, మిషెల్ గొడాన్‌తో కలిసి కచ్చితమైన లెక్కగా మార్చారు. అంకెలు గాసియన్ అయితే చాలు, లంబ బహుపదుల సాయంతో తుది సూత్రం దాకా వెళ్తారు. 1972లో ప్రిన్స్‌టన్‌లో రీమాన్ జీటా సున్నాల గురించి హ్యూ మాంట్‌గొమరీ చెప్పిన సూత్రం వినగానే, అది ఐగెన్ విలువల సూత్రమేనని ఫ్రీమన్ డైసన్ గుర్తుపట్టారు. ఆయన రాసిన చీటీలో సూచించింది మెహతా పుస్తకాన్నే. అంచనాలతో సరిపెట్టుకుని ఉంటే ఆ పోలిక కంటపడేదే కాదు.

కానీ గాసియన్ వదిలేసి, బొమ్మాబొరుసూ వేసి ప్రతి గడిలో +1 గానీ −1 గానీ పెడితే? మెహతా పద్ధతి అక్కడ ఆగిపోతుంది. టావో జ్యామితిని ఆశ్రయిస్తారు. అలాంటి 1000 అంకెల సదిశ, ముందే ఎంచుకున్న 900 పరిమాణాల ఉపాంతరాళానికి ఎంత దూరం? 1000లో 900 పోగా 100, దాని వర్గమూలం 10. ఉపాంతరాళం ఎటు వాలినా దూరం దాదాపు ఎప్పుడూ 10 చుట్టుపక్కలే ఉంటుంది. ఆ హామీ ఇచ్చేది తలగ్రాండ్ అసమానత. ఐగెన్ విలువల లబ్ధమే నిర్ధారకం; దాని పరిమాణమంటే, ముందున్న వరుసలు ఏర్పరిచే ఉపాంతరాళం నుంచి ఒక్కో వరుసకు ఉన్న దూరాల లబ్ధమే కదా! చివరి కొద్ది వరుసల దగ్గర మిగిలే పరిమాణాలు తక్కువ, అక్కడ ఈ అసమానత చాలదు. కనిష్ఠ సింగ్యులర్ విలువ మీద టావో రాసిన విభాగం ఆ చిక్కుతోనే తలపడుతుంది. పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

టావోలో లోటూ ఉంది. ‘ఏదో ఒక స్థిరాంకం’ అని చాలాచోట్ల వదిలేస్తారు, కచ్చితమైన సంఖ్య కావాల్సినవారికి అది చాలదు. మెహతా సంఖ్య ఇస్తారు, అది ఎందుకు అలా వచ్చిందో చెప్పడానికి పెద్దగా ఆగరు. మొదలుపెట్టే విద్యార్థికి నేను టావోనే ఇస్తాను. అయినా, వాన్ వూతో కలిసి టావో నిరూపించిన నాలుగు మొమెంట్ల సిద్ధాంతం గాసియన్ ఫలితాలను ఇతర మాత్రికలకు చేరవేసేదే; చేరవేయడానికి ముందు ఆ ఫలితాలను కచ్చితంగా లెక్కగట్టాల్సింది మెహతా దారిలోనే.