అరవకపోతే గొడ్డు కదలదా?

మా మేనల్లుడు టెక్సాస్ నుంచి ఫోన్‌లో ఒక వీడియో పంపాడు. కింద ఒక్క ముక్క రాశాడు: “మామయ్యా, నీ పార్టీ వాళ్లు ఇక్కడున్నారు.”

నా పార్టీ ఏదో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. హారన్ల మీద, పెళ్లి ఊరేగింపుల డీజేల మీద, తెల్లారకముందే లేచే మైకుల మీద ఏళ్ల తరబడి ఏడుస్తున్నవాణ్ణి. డీజేల మీద రాసినప్పుడు ఒకాయన “మీరు అడవిలో ఉండవలసిన మనిషి” అని ఉత్తరం రాశాడు. ఆయన ఈసారి కూడా కాగితం, కలం దగ్గర పెట్టుకోవచ్చు.

వీడియోలో ఉన్నది అమరిల్లో దగ్గరి ఒక ఫీడ్‌యార్డు. అప్పుడే వెలుగొస్తోంది. ఓ వంద గొడ్లున్న దొడ్డిలోకి ఒక మనిషి గుర్రం మీద వచ్చాడు. గుర్రం పరుగు లేదు, దుముకు లేదు, ఉత్త నడక. పడుకున్న గొడ్లు ఒకటొకటే లేచి, ఒళ్లు విరుచుకుని, దారిస్తున్నాయి. అతను నోరు విప్పలేదు. చేతిలో కర్ర లేదు. కాసేపు అలా తిరిగి, ఒక ఎర్ర కోడె దగ్గర ఆగాడు. గుర్రం అటో అడుగు, ఇటో అడుగు వేసింది. కోడె మందలోంచి విడివడి, తనకే ఏదో పని గుర్తొచ్చినట్టు గేటు దాటి వెళ్లిపోయింది. మిగతావి తల తిప్పి కూడా చూడలేదు. చప్పుడంటే గిట్టని నాకే ఈల వేయాలనిపించింది.

మనకు కౌబాయ్ అంటే 1971లో కృష్ణగారు ‘మోసగాళ్లకు మోసగాడు’లో వేసిన వేషం. టోపీ, తుపాకీ, గుర్రం అన్నీ ఉంటాయి, ఆవు ఒక్కటే ఉండదు. అసలు కౌబాయ్‌కి తుపాకీతో పని తక్కువ, ఆవుతోనే రోజంతా పని. ఫీడ్‌యార్డులో ఈ పని చేసేవాణ్ణి పెన్ రైడర్ అంటారు. టెక్సాస్ ఉత్తరపు కొసన పాన్‌హ్యాండిల్ అనే మైదానం ఉంది. అక్కడ హెర్‌ఫర్డ్ అనే ఊరు, ప్రపంచానికంతటికీ గొడ్డుమాంసపు రాజధానిని నేనేనని చెప్పుకుంటుంది. ఆ చుట్టుపక్కల యాభై వేల గొడ్లను పెట్టగల యార్డులున్నాయి. దొడ్ల వరసల వెంట పొడుగాటి సిమెంటు తొట్లు. వాటిలోకి లారీల మీంచి ఆవిరికి మెత్తబెట్టి రేకుల్లా నొక్కిన మొక్కజొన్న పడుతుంది. సుమారు 300, 350 కిలోల కోడె వచ్చి, ఐదారు నెలల్లో 600 కిలోలు దాటి, కోతకు పోతుంది. ఇందులో దాచి చెప్పవలసిందేమీ లేదు.

లారీల్లో ఎంతో దూరం నుంచి వచ్చిన గొడ్డుకు కొత్త నీళ్లు, కొత్త మేత, కొత్త మంద. మొదటి వారాల్లోనే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. దాన్ని తొందరగా కనిపెట్టి వైద్యం చేసే దొడ్డికి తోలడం పెన్ రైడర్ అసలు ఉద్యోగం. వాలిన చెవి, లోపలికి పోయిన డొక్క, తొట్టి దగ్గరికి అందరికంటే వెనక రావడం, ఇవీ అతను వెతికే గుర్తులు. అయితే గొడ్డు వేటకు గురయ్యే జాతి. నలతగా ఉందని బయటపడితే తోడేలు తననే ఎంచుకుంటుందని దాని నెత్తురుకు తెలుసు. కేకలేసుకుంటూ ఎవడైనా దొడ్డిలోకి దిగాడనుకోండి, జ్వరంతో కాలిపోతున్నది కూడా చెవులు నిక్కించి అందరితోపాటు పరిగెత్తుతుంది. జబ్బు కంటపడదు. పెన్ రైడర్ నోరు మూసుకునేది మర్యాద కోసం కాదు. అరిస్తే అతని పనే చెడుతుంది.

మోటారు బండ్లు ఎన్ని వచ్చినా గుర్రం ఇంకా అక్కడ మిగిలింది కూడా ఇందుకే. పైనుంచి మంద మొత్తం కనిపిస్తుంది. గొడ్డు కదలబోయే ముందు దాని భుజంలో పుట్టే చిన్న కదలికను సవారీ చేసేవాడికంటే గుర్రమే ముందు పట్టుకుంటుంది. మంచి గుర్రం దొరికితే మనిషి ఎక్కడ అడ్డం రాకూడదో తెలుసుకుంటే చాలు.

ఈ పనికి లెక్క ఉంది. ప్రతి పశువు చుట్టూ కంటికి కనపడని గిరి ఒకటుంటుంది. మీరు గిరి బయట ఉన్నంతసేపూ అది మిమ్మల్ని చూస్తూ నిలబడుతుంది. అంచు మీద కాలు పెడితే నెమ్మదిగా కదులుతుంది. మరీ లోపలికి చొరబడితే బెదిరి పారిపోతుంది, దారి లేకపోతే మీ మీంచే పోతుంది. మచ్చికైన ఎద్దుకు గిరి చిన్నది, అడవి పట్టిన దానికి పెద్దది. రెండో లెక్క భుజానిది. దాని తల వైపు నుంచి భుజం దాటి తోక వైపుకు నడిస్తే గొడ్డు ముందుకు పోతుంది. తోక వైపు నుంచి తలకేసి నడిస్తే వెనక్కి తగ్గుతుంది. కళ్లు పక్కలకు ఉండడం వల్ల దానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా వెనక తప్ప. మనం నిలబడి అదిలించేది సరిగ్గా అక్కడ్నుంచే. ఎవరా అని చూడ్డానికి అది వెనక్కి తిరుగుతుంది. పొగరు అంటాం. తోక మెలిపెడతాం.

2012లో పోయిన బడ్ విలియమ్స్ ఈ లెక్కను భార్య యూనిస్‌తో కలిసి ఊరూరా తిరిగి నేర్పాడు. కుక్కలు లేకుండా, కేకలు లేకుండా, ఉత్త నడకతో మందల్ని తోలేవాడు. టెంపుల్ గ్రాండిన్ అనే పశుశాస్త్రవేత్త సంగతి మరీ వింత. ఆటిజంతో పుట్టిన ఆవిడ, గొడ్లు మొరాయించే సందుల్లోకి తానే దిగి, వాటి కంటి ఎత్తున చూసింది. వేలాడుతున్న గొలుసు, కంచె మీద ఎవరో ఆరేసిన చొక్కా, నీటి మడుగులో తళుక్కుమన్న వెలుతురు, నేల మీద అడ్డంగా పడ్డ నీడ. చొక్కా తీసేస్తే గొడ్లు నడిచాయి. ఉత్తర అమెరికా కబేళాల్లో దాదాపు సగం పశువులు ఆవిడ గీసిచ్చిన ఏర్పాట్లలోంచే పోతాయని చెబుతారు.

గుర్రాల వైపు చూస్తే టామ్ డారెన్స్, బిల్ డారెన్స్ అనే అన్నదమ్ములు, వాళ్ల దారిలో నడిచిన రే హంట్ ఉన్నారు. పాత పద్ధతిలో కొత్త గుర్రాన్ని కట్టేసి, జీను బిగించి, అలిసిపోయి లొంగేదాకా ఎగరనిచ్చేవాళ్లు. వీళ్లు ఆ పద్ధతిని పక్కన పెట్టారు. పగ్గం కొంచెం లాగి పట్టుకోవాలి. గుర్రం తల ఇసుమంత ఇటు వంచిందో లేదో, ఆ క్షణంలోనే వదిలేయాలి. లాగడం వల్ల గుర్రం ఏమీ నేర్చుకోదు, వదలడం వల్ల నేర్చుకుంటుంది. చెప్పడం తేలిక. చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ నెమ్మది వెనక ఉన్నది డబ్బు. బెదిరిన గొడ్డు బరువు తగ్గుతుంది, మేత ముట్టదు, జబ్బు పడుతుంది. కోతకు ముందు బెదిరితే కండలో చక్కెర నిల్వ తరిగిపోయి మాంసం నల్లబడుతుంది, ధర పడిపోతుంది. కాబట్టి నేను ఈ వారం రాద్దామనుకున్నది వేరే. అక్కడ గొడ్డు కిలోల లెక్క, మన రైతుకు ఇంటి మనిషి, పేరు పెట్టి పిలుచుకుంటాడు, కనుమ నాడు కొమ్ములకు రంగేస్తాడు, ఏరువాకకు బొట్టు పెడతాడు. ఈ వాక్యం కాగితం మీద కూడా పెట్టాను. మా పెదనాన్న అడ్డం వచ్చాడు.

పెదనాన్నకు ఒంగోలు జత ఉండేది. వాటి కోసం ఉలవలు ఉడికేవి, తెలగపిండి నానేది. పండగ పూట ఎద్దులు తిన్నాకే ఆయన విస్తరి ముందు కూర్చునేవాడు. దాపటెద్దుకు జ్వరమొస్తే అన్నం మానేసిన మనిషి. ఊళ్లో ఎవరైనా దాని మూపురం చూసి మెచ్చుకుంటే దిష్టి తీయించేవాడు. అంత ప్రేమ. అదే మనిషి, బండి కాలవ గట్టు ఎక్కనని మొరాయించినప్పుడు ముల్లుగర్రతో డొక్కలో పొడిచేవాడు. అరుపులు మూడు చేల అవతలికి వినిపించేవి. రాత్రి లాంతరు పట్టుకుని కొట్టంలోకి పోయి, గాయానికి పసుపు రాస్తూ కళ్లు తుడుచుకునేవాడు. మళ్లీ మర్నాడు గట్టు, మళ్లీ ముల్లుగర్ర. ఆయన చెప్పుల చప్పుడు వినపడితే ఆ జత మేత ఆపి గోడకు జరిగేది.

మా పెద్దపాలేరుకు గొడ్లంటే ముద్దూ లేదు, మురిపెమూ లేదు. పిల్లలం ఎద్దు మెడ పట్టుకుని వేలాడుతుంటే “గొడ్డు గొడ్డే బాబూ, మనిషి కాదు, కాలు తొక్కిద్ది, ఇవతలికి రండి” అనేవాడు. వాటికి పేర్లు పెట్టలేదు. దాపట, ఎలపట, అంతే. బండి కట్టే ముందు ముల్లుగర్ర చూరులో దోపి మరీ బయల్దేరేవాడు. బురదలో చక్రం దిగబడితే దిగి, చక్రం ముందు మన్ను కాస్త లాగేసి, పగ్గాలు వదులు చేసి, చుట్ట వెలిగించేవాడు. మేము తొందర పడేవాళ్లం, ఆయన పడేవాడు కాదు. ఎద్దులు ఊపిరి పీల్చుకున్నాక, దాపటిదాని పక్కన భుజానికి కొంచెం వెనగ్గా నిలబడి నాలుకతో టక్కుమని ఒక చప్పుడు. అవి మొదటిసారి బరువు ఎత్తుకోగానే పగ్గం జారవిడిచేవాడు. బండి లేచేది. కొత్త కోడెకు కాడి అలవాటు చేసేటప్పుడూ అంతే. అది ఒక్క అడుగు సరిగ్గా వేస్తే ఆ పూటకు కాడి దించేసేవాడు. ఇంత పని చేయించకుండా దించేశాడని పెదనాన్న తిట్టేవాడు.

ఆ ఎద్దుల్ని ఓటెయ్యమంటే ఎవరికి వేస్తాయి? నేను నిస్సందేహంగా పాలేరుకే అంటాను. పెదనాన్న ప్రేమ నిజం, ముల్లు కూడా నిజం. గొడ్డు దగ్గరకు ఆ రెంటిలో చేరింది ముల్లే. టెక్సాస్ మనిషి కిలోల కోసమే నోరు మూసుకున్నాడని నేను పెట్టిన పేచీ, ఆ పూట ఆ కోడెకు అక్కర్లేదు. ఫీడ్‌యార్డు నాకు నచ్చిందని కాదు. చెట్టు నీడ లేని బయలు, మోకాలి లోతు బురద, గడ్డికి పుట్టిన కడుపులోకి గింజలు కూరడం, ఇవేవీ నాకు రుచించవు. కానీ గొడ్డును కదిలించే పనిలో వాళ్లు మనకంటే ముందున్నారు. వాళ్ల మనసు మెత్తనైనందువల్ల ఇది వచ్చింది కాదు, ఆ పనిని నేర్పదగ్గ విద్యగా చూసినందువల్ల వచ్చింది. మన దగ్గర పాలేరుతోపాటే ఆ విద్యా పోయింది. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ వీడియోలో మూపురం, వేలాడే గంగడోలు ఉన్నవి కూడా రెండు మూడు కనిపించాయి. బ్రాహ్మన్ సంకరాలు. వాటికి 1924లోనే హ్యూస్టన్‌లో సంఘం పెట్టుకున్నారు. కాంక్రేజ్, గిర్ రక్తంతోపాటు మన నెల్లూరు రక్తం కూడా కలిసిన జాతి. బ్రెజిల్‌లోనైతే మాంసపు మందల్లో పెద్ద భాగం ‘నెలోరె’లే, మన ఒంగోలు గిత్తల సంతతి. నెమ్మదిగా మసలితే ఇవి చేతిలోకి వస్తాయని, మొరటుగా చేస్తే కంచెలు దూకుతాయని అక్కడి రాంచ్‌ల వాళ్లు చెబుతారు. వాటి అన్నదమ్ములు మన సంతల్లో ఉన్నాయి.

ఏదైనా పశువుల సంతలో సాయంత్రం లారీ దగ్గర నిలబడి చూడండి. లారీ వెనక తలుపు మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది, ఎక్కడానికి దారి ఉండదు. ముందు నుంచి ఇద్దరు ముకుతాడు లాగుతారు, వెనక నుంచి ముగ్గురు తోక మెలిపెడతారు, అందరూ కలిసి అరుస్తారు. 1978 నాటి పశు రవాణా నియమాలు గొడ్లను ఎక్కించడానికి దిమ్మె వాడాలనే చెబుతున్నాయి. లారీ ఎత్తుకు సరిపడా ఏటవాలుగా మన్ను పోసి, పక్కలకు తడికె కడితే గొడ్డు తనంతట తానే నడిచి ఎక్కుతుంది. దీనికి టెంపుల్ గ్రాండిన్ రానక్కర్లేదు, నాలుగు ట్రాక్టర్ల మన్ను, కాస్త రాతికట్టు చాలు. సంతకు వచ్చే పశువుల మీద రుసుము వసూలు చేస్తున్నారు. మీ మండలంలో పశువుల సంత ఉంటే, ఆ దిమ్మె ఉందో లేదో ఈ వారమే చూసి రండి. లేకపోతే సంత పాట పాడుకున్నవాణ్ణీ, పంచాయతీ కార్యదర్శినీ అడగండి. కావాలంటే గట్టిగానే అడగండి.