బరువు ఉండకూడని చోట

లేపాక్షి వీరభద్రాలయంలో పైకప్పు చిత్రాలు చూడాలంటే మెడ బాగా వెనక్కి వాల్చాలి. పదహారో శతాబ్దపు విజయనగర చిత్రకారులు వీరభద్రుణ్ణి గీసింది సరిగ్గా మన నెత్తి మీద. అలా తలెత్తినప్పుడు కొందరికి మండపమంతా గిర్రున తిరుగుతుంది. అటక మీది డబ్బా అందుకోబోయినా, పడుకుని పక్కకు ఒత్తిగిలినా ఇదే తంతు. నిమిషంలోపే సద్దుమణుగుతుంది. పైత్యమని నిమ్మకాయ పిండుకుని తాగుతారు. ఎలాగూ తగ్గేదే కాబట్టి పేరు నిమ్మకాయకు వస్తుంది.

అనంతపురం ఎండలో వేరుశనగ చేలో వంగి, లేవగానే కళ్లు బైర్లు కమ్మడం వేరు. అది ఒంట్లో నీరు తగ్గి రక్తపోటు పడిపోవడం. తిరుగుడుతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చేయి పట్టు తప్పినా మెదడు జబ్బు కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. తల కదిపినప్పుడల్లా కాసేపు లోకం తిరిగిందంటే మాత్రం చాలాసార్లు అది లోపలి చెవి వ్యవహారం.

ఆ చెవి పనితనం చూడండి. ఒక్కో వైపు మూడు అర్ధవర్తుల కుల్యలు, దాదాపు ఒకదానికొకటి లంబంగా. తల ఎటు తిప్పినా ఏదో ఒకటి పసిగడుతుంది. కుల్యలోని ద్రవం తలతో పాటు కదలక కాస్త వెనకబడుతుంది, అడ్డంగా ఉన్న క్యుపులా అనే మెత్తటి పొర వంగుతుంది, కబురు మెదడుకు చేరుతుంది. నాకు అబ్బురమనిపించేది ఆ పొర సాంద్రత. చుట్టూ ఉన్న ద్రవంతో సమానం! అందుకే గురుత్వాకర్షణకు అది లొంగదు, తల తిరిగితేనే కదులుతుంది.

పక్కనే ఉన్న యుట్రికల్ అనే తిత్తి పని దీనికి తలకిందులు. తల ఎటు వాలిందో దానికి తెలియాలి, అందుకని దాని జిగురు పొర మీద బరువులు పేర్చి ఉంటాయి. మిల్లీమీటరులో సుమారు వందో వంతు ఉండే కాల్షియం కార్బనేట్ స్ఫటికాలవి. తాడిపత్రి బండలోనూ ప్రధానంగా ఉండేది ఆ పదార్థమే.

వయసు మీద పడో, తలకు దెబ్బ తగిలో ఆ రేణువులు ఊడి కుల్యలోకి జారతాయి, ఎక్కువగా అన్నిటికన్నా కిందికి వేలాడే వెనక కుల్యలోకి. ఇక తల ఆగినా అవి దొర్లుతూ ద్రవాన్ని లాగుతాయి. తిరుగుతున్నామని చెవి, లేదని ఒళ్లు.

మరమ్మతు కూడా అంతే సొగసు. వంకర గొట్టంలోని గులకరాయిని గొట్టం తిప్పుతూ బయటికి దొర్లించినట్టే. వైద్యుడు జబ్బు చెవి వైపు తలను 45 డిగ్రీలు తిప్పి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల మంచం అంచు దాటి వాలేలా పట్టుకుంటాడు. రేణువులు దొర్లుతుంటే కనుగుడ్లు అదురుతాయి, ఆ అదురు ఆగేదాకా చూస్తాడు. తలను రెండో వైపుకు 90 డిగ్రీలు, ఆపైన ఒంటితో సహా మరో 90, ముఖం నేల చూసేలా తిప్పుతాడు. తర్వాత లేపి కూర్చోబెడతాడు. కత్తి లేదు, మందు లేదు. అమెరికాలోని పోర్ట్‌లండ్ వైద్యుడు జాన్ ఎప్లీ 1980 ప్రాంతంలో దీన్ని చూపిస్తే తోటివాళ్లు అంత తేలిగ్గా నమ్మలేదు. ఆయన వ్యాసం అచ్చయింది 1992లో. కొందరికి నెలలకో ఏళ్లకో రేణువులు మళ్లీ ఊడతాయి, అప్పుడు మళ్లీ అవే మలుపులు.