కోట గుమ్మంలో వంకర బాకు

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా పడమటికి పోతే ఉదయగిరి దుర్గం ఎదురవుతుంది. కొండ మీద 8, దిగువన 5, మొత్తం 13 కోటలుండేవని పాత జిల్లా గెజిటీర్ల లెక్క. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1514లో పట్టుకున్నాడు. దానికి ఏడాదిన్నర ముట్టడి కావలసి వచ్చింది. బండలు పగలగొట్టించి సైన్యానికి దారులు వేయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. ఇలాంటి యుద్ధాల కథ చెప్పేటప్పుడు మనం ఏనుగుల్నీ గుర్రాల్నీ లెక్కపెడతాం. ఇరుకు మెట్ల మీద, దిడ్డివాకిట్లో గుర్రం ఏం చేస్తుంది? పెద్ద కత్తి ఊపడానికే చోటుండదు. అక్కడ ప్రాణం నడుములో దోపుకున్న చిన్న కత్తి మీదే ఆధారపడి ఉంటుంది.

విజయనగర సైన్యాన్ని 1520 ప్రాంతంలో చూసిన మరో పోర్చుగీసు యాత్రికుడు పేస్, విలుకాండ్ర నడుముల్లోని బాకులను మరచిపోకుండా రాశాడు. బాకు పోరు అప్పట్లో నేర్చుకోవలసిన విద్య. బందీగా చిక్కిన గజపతి కుమారుడు కత్తిలోనూ బాకులోనూ ఆరితేరినవాడని విని, రాయలు ఆ నేర్పు చూపమన్నాడట. ఎదురుగా నిలిపినవాడు రాజవంశీకుడు కాడని ఆ కుమారుడు అవమానపడి ప్రాణం తీసుకున్నాడని నూనిజ్ కథనం. నూనిజ్ మాటలన్నీ నమ్మనక్కర్లేదు గానీ, రాజకుమారులకు కూడా బాకు సాము తెలిసుండేదన్న సంగతి మాత్రం ఇందులో దొరుకుతుంది.

మన కఠారి తిన్ననిది. అడ్డపిడిని పిడికిట్లో బిగించి గుద్దినట్టు ముందుకు పొడుస్తారు. వంకర బాకు తీరు వేరు. తరువాతి కాలంలో దక్కనులో దానికి పేరు తెచ్చినవాళ్లు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిలు. వాళ్ల జంబియా జానెడు పైచిలుకు వెడల్పాటి కత్తి. రెండు వైపులా పదును, మధ్యలో పొడవునా ఉబికిన వెన్ను. ఎముక తగిలినా వంగకుండా కాచేది ఆ వెన్నే.

దాన్ని పెట్టుకునే చోటులోనే సగం యుక్తి ఉంది. ఒర పొట్ట మీద, నడికట్టు మధ్యలో నిలువుగా ఉంటుంది. పిడి రొమ్ము కిందికి వస్తుంది. పక్కన వేలాడే కత్తి దూయాలంటే మోచేయి బారుగా చాపాలి. మనిషికి మనిషి ఒరుసుకుంటున్నా జంబియా పిడి మాత్రం చేతికందుతుంది. ఇక వంకర సంగతి. మొన కిందికి ఉండేలా పట్టి పైనుంచి దించినప్పుడు చేయి గీతలా కాక, విల్లులా వంగి దిగుతుంది. కత్తీ అదే వంపులో ఉంటే మొన జారకుండా దిగబడుతుంది, వెనక్కి లాగేటప్పుడు అంచు మళ్లీ కోస్తుంది. లోపమూ చెప్పాలి: ఈటె పట్టినవాడి ముందు ఇది ఎందుకూ కొరగాదు. వత్తి తుపాకీ ఒకసారి పేలాక మళ్లీ మందు కూరే వ్యవధి లేనప్పుడు, శత్రువు మీదికొచ్చేసినప్పుడు దీని పని.

అందుకే కోటల కాపలాకు అరబ్బులను ఏరికోరి పెట్టుకునేవారు. కాపలాలోనే కాదు, దాడిలోనూ వాళ్లు గట్టివాళ్లే: నాగపూరు దగ్గర సీతాబల్దిలో 1817 నవంబరులో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సిపాయిలు ఆ దెబ్బ రుచి చూశారు. మందుగుండు పేలి కలవరం రేగిన అదను చూసి అరబ్బులు ఒక్క ఉరుకున చిన్న గుట్టను పట్టేశారు. దాన్ని తిరిగి గెలవడానికి సిపాయిలు ఎదురుదాడి చేయవలసి వచ్చింది.

ఉదయగిరికీ అరబ్బుల కథతో చుట్టరికముంది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కంపెనీ మీద కుట్ర పన్నాడన్నారు. అతని కొలువులోని అరబ్బులు, రోహిల్లాలు అక్టోబరులో జొహరాపురం దగ్గర పోరాడి ఓడారు. ఆ కుట్రలో పాలున్నదని ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్‌ను చెంగల్పట్టు పంపి, జాగీరు లాగేసుకున్నారు.

జంబియా పిడికి ఖడ్గమృగం కొమ్ము అన్నిటికన్నా గొప్ప. ఆ మోజు ఆఫ్రికా ఖడ్గమృగాల పాలిట మృత్యువైంది. 1982లో యెమెన్ ఆ కొమ్ము దిగుమతిని నిషేధించింది. ఆయుధం గొప్పదైనంత మాత్రాన ఈ ఖర్చును సమర్థించలేం.

నిజాం కొలువులోని ఆ అరబ్బు సిపాయిల వారసులు హైదరాబాదు బర్కస్‌లో ఉన్నారు. బ్యారక్స్ అన్న మాటే అలా మారింది. పెళ్లిళ్లలో మర్ఫా డప్పుల మోతకు వాళ్లు జంబియా పట్టి ఆడతారు. దాన్ని వీధి గొడవల కత్తితో జమకట్టకండి. ఈసారి మర్ఫా చూసే అవకాశం వస్తే, ఆ మెరుపును వదిలేసి ఆడేవాడి మణికట్టు చూడండి. సాములో నేర్పేది ఆ తిప్పుడే.