ఛాయాచిత్రం నుండి శిల్పానికి

ఫ్యాషన్ ఛాయాచిత్రాన్ని ఆధారం చేసుకొని శిల్పం నిర్మింపబూనిన వానికి మొదటనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఛాయాచిత్రంలో చూపు ఒక్కవైపునుండే. వెలుగును, వంపును, వస్త్రపు మడతను ఆ ఒక్క చూపుకొరకే కూర్చుతారు. శిల్పం చుట్టూ ప్రేక్షకుడు తిరుగుతాడు. పత్రికాపుటలో కానరాని వీపును శిల్పి ఎక్కడనుండి తేవాలి?

ఆంగ్ల శిల్పి మార్క్ క్విన్ ఈ చిక్కును తెలిసే నెత్తికెత్తుకొన్నాడు. 1990లో కోరిన్ డే తీసిన చిత్రాలు 'ది ఫేస్' పత్రికలో వెలువడినది మొదలు కేట్ మాస్ ముఖం లోకానికి పరిచితమవుతూ వచ్చినది. వేలకొలది చిత్రాలు కలిసి కట్టిన ఆ బింబమే క్విన్‌కు వస్తువు. ఆ వ్యక్తి ఎవరో ఆయనకు అంతగా పట్టలేదు. 2006లో ప్రజల ముందుకు వచ్చిన 'స్ఫింక్స్' కంచున పోతపోసి తెల్లరంగు పూసిన విగ్రహం. కాళ్లు చేతులు తలవెనుకకు మెలివడిన యోగాసనం; ముఖంలో మాత్రం శ్రమ ఛాయ లేదు. (ఆసనం మనదే కదా అని మురిసిపోవలసిన పని లేదు. ఇక్కడ ధ్యానం ఊసే లేదు, శిల్పికి కావలసినది ఆ మెలిక.) దేహం పడుతున్న పాటు ముఖానికి తెలియదు. కెమెరా ముందు నిలుచుటకు శరీరం చెల్లించే మూల్యాన్ని ఛాయాచిత్రం దాచుతుంది. ఈ విగ్రహం బయటపెట్టినది. చుట్టూ తిరిగినకొద్దీ ఆ ప్రశాంతమైన ముఖమే అబద్ధమని తోస్తుంది.

2008లో అదే స్త్రీని 'సైరెన్' పేర ఆయన బంగారంలో పోసినాడు: 18 కేరట్లు, 50 కిలోలు. బ్రిటిష్ మ్యూజియంలో ప్రాచీన గ్రీకు శిల్పాల సరసన దానిని నిలిపినారు. భోగవస్తువుగా మారిన బింబానికి బంగారమే తగిన లోహమన్న వాదం సబబే. విగ్రహం దానిని మోయలేకపోయినది. మెరుపు వంపులను మింగివేయగా కన్ను రూపాన్ని విడిచి తూకాన్ని వెదకుతుంది. 15 లక్షల పౌండ్ల విలువ అన్న మాట ఆనాటి పత్రికలలో మారుమ్రోగినదంటే వింత లేదు. 1991లో తన రక్తాన్నే గడ్డకట్టించి 'సెల్ఫ్' అన్న తలను చేసిన శిల్పికి, పదార్థం అర్థాన్ని మోసే తీరు తెలియదనరాదు. అక్కడ రక్తం ఆయనదే. ఇక్కడి బంగారం ఎవరిదైనా కావచ్చు.

1213 నాటి రామప్ప దేవాలయపు మదనికలూ అలంకారప్రియులే. సాగిన అవయవాలు, కొప్పులు, హారాలు అన్నీ ఉన్నవి. ఆ శిల్పికి పేరుపొందిన ముఖమేదీ తోడు లేదు గనుక ప్రాణమంతా భంగిమలోనే నింపవలసి వచ్చినది. కోతి చీర లాగుతున్న ఆ నల్లరాతి స్త్రీ ఎవరో తెలియకున్నా ఆమె తొట్రుపాటు చూపరికి వెంటనే అందుతుంది. కేట్ మాస్‌ను ఎరుగని ప్రేక్షకునికి 'స్ఫింక్స్'లోనూ ఆ మెలిక అందుతుంది. 'సైరెన్' ఎదుట నిలిచినప్పుడు అతడు దేనిని పట్టుకోవాలో చెప్పడం కష్టం.