పదడుగుల గదిలో బతుకమ్మ

యూట్యూబ్‌లో వస్తున్న జానపదం గురించి మనం చేసే విమర్శంతా మాట చుట్టూ, బాణీ చుట్టూ తిరుగుతుంది. మాట కల్తీ అయిందంటాం, బాణీ సినిమా పాటలా ఉందంటాం. ఆ పాటని ఏ గదిలో పాడించారో మాత్రం అడగం. బాల్కొండ, ఆర్మూరు, బోధన్ లాంటి ఊళ్ల ఇళ్లలో ఓ గదిని స్టూడియోగా మార్చుకుంటే, రాసినవాళ్లకన్నా ఆ గదే పాటని ఎక్కువ మారుస్తుందని నా అనుమానం.

బతుకమ్మ పాటే తీసుకోండి. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు చుట్టూ తిరుగుతూ, చప్పట్లు కొడుతూ అందుకుంటారు. అంతా ఆరుబయటే కాబట్టి చప్పట్ల మోత పైకి పోయి మళ్లీ రాదు. అవే చప్పట్లు ఎదురెదురు సిమెంటు గోడల మధ్య కొట్టి చూడండి, టర్ర్‌మని గొలుసుకట్టుగా మోగుతాయి. అందుకే గోడలకి అంగుళం మందం ఫోమ్ అతికిస్తారు. ఆ టర్ర్‌మనే చప్పుడైతే పోతుంది. కానీ పల్చటి ఫోమ్ పైస్థాయి శబ్దాల్నే పీలుస్తుంది. పదడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య గాలి సుమారు 56 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ 113 దగ్గర, 226 దగ్గర తనంతట తానే ఊగుతుంది. డప్పు గుంయ్‌మని ఉబ్బేది కింది రెండు చోట్ల, ఆడవాళ్ల గొంతులు ముద్దకట్టేది ఆ పైది. అంత పొడుగు అలలకి అంగుళం ఫోమ్ ఒక లెక్క కాదు. కోడిగుడ్ల అట్టల సంగతి ఇంక చెప్పక్కర్లేదు. 44వ నంబర్ హైవే మీద పోయే లారీల మోతనీ ఫోమ్ ఆపదు. దానికి బరువైన గోడా సందులేని తలుపూ కావాలి.

ఇలాంటి గదిలో ఎనిమిది మందిని నిలబెడితే మైకులో మిగిలేది గోలే. దాంతో ఒక్కామెనే పిలిచి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, అదే చరణం నాలుగుసార్లు పాడిస్తారు. చప్పట్లు కీబోర్డులోంచి వస్తాయి. చివర్లో కంప్యూటర్లో ‘హాల్’ అనే ఎఫెక్ట్ ఒకటి తగిలిస్తారు. బతుకమ్మ ఏ హాల్లో ఆడతారో నాకైతే తెలీదు! వినడానికి అదీ కోరస్సే. కానీ శ్రుతి కొంచెం అటూఇటూగా, ఊపిరి ఎవరిది వారిగా నాలుగు గొంతులు కలిసినప్పుడు వచ్చే బలం ఒకే గొంతుని నాలుగుసార్లు పేర్చితే రాదు. బీడీలు చుడుతూ పాడినా, నాట్లేస్తూ పాడినా అది గుంపు పాట. గది మోగుతోందని దాన్ని ఒంటరి పాట చేసేస్తున్నాం.

ఇది డబ్బుతో ముడిపడ్డ సంగతి అంటారేమో. 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం కొత్త లెక్చర్ హాల్లో ఒక మాట అంటే అయిదున్నర సెకన్లు మోగేదట. వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడు రాత్రిళ్లు పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి, పరిచి, ఆర్గన్ గొట్టం ఊది, ఎంతసేపు మోగుతోందో గడియారంతో కొలిచాడు. తెల్లారేలోపు మెత్తలు వెనక్కి పోయేవి. గది ఎంత పెద్దదైతే మోత అంతసేపు, లోపల పీల్చుకునేది ఎంత ఉంటే అంత తక్కువ అనే లెక్క అక్కడే పుట్టింది. మన ఇళ్లలో దూది పరుపులకి కరువు లేదు. మూలల్లో వాటిని దొంతరగా నిలబెట్టినా, నాలుగంగుళాల రాక్‌వూల్ పలకల్ని గోడకి ఇంకో నాలుగంగుళాల ఎడంగా బిగించినా, అంగుళం ఫోమ్ చెయ్యలేని పని చాలావరకు అవుతుంది. ఒక గోడని కొంత ఉత్తగా వదిలేస్తే గొంతు మరీ చచ్చిపోదు.

అద్దె గదిలో, అప్పు తెచ్చిన మైకుతో పనిచేసే కుర్రాడిని నేను తప్పుపట్టట్లేదు. ఫోన్ స్పీకర్లో మాట స్పష్టంగా వినపడాలని అతని తాపత్రయం. నేనడిగేది వినేవాళ్లని, రాసేవాళ్లని. ఈసారి కొత్త బతుకమ్మ పాటొస్తే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పల్లవి అందుకునే చోట ఆగి వినండి. అక్కడ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఒక్కరే ఉంటే ఆ సంగతి కూడా సమీక్షలో రాయండి.