ఇంటి ప్రొజెక్టర్‌లో లేజర్ డయోడ్ ఆయుష్షు

సొంతంగా కట్టుకునే లేజర్ షో ప్రొజెక్టర్‌లో అన్నిటికన్నా సుకుమారమైన భాగం లేజర్ డయోడ్. సరిగా వాడితే అది వేల గంటలు వెలుగుతుంది. అయినా కొత్తగా ఈ పనిలోకి దిగినవారి బల్లమీద మొదటి రోజే, ఒక్కోసారి మొదటి సెకనులోనే పోతుంది. అలా పోయినవాటిలో వయసు తీరినవి బహు అరుదు. టంకం పెడుతున్నప్పుడో, తీగ కలుపుతున్నప్పుడో, స్విచ్ వేసిన క్షణానో తగిలిన దెబ్బే కారణం. ఈ విద్యలో పనితనం చాలావరకు వెలుగు రాకముందు చేసే పనుల్లోనే ఉంది.

లేజర్ ప్రదర్శనల్లో తొలినాళ్లలోనే పేరుపడ్డది ‘లేజీరియం’. 1973లో లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ అబ్జర్వేటరీలో ఐవన్ డ్రయర్ దాన్ని మొదలుపెట్టారు. ఆ కాలపు ప్రదర్శనలు క్రిప్టాన్, ఆర్గాన్ వాయు లేజర్లతో నడిచేవి. వాటిలో పెద్దవాటికి త్రీఫేజ్ కరెంటు, చల్లబరచడానికి పారే నీళ్లు కావాలి. ఇంట్లో పెట్టుకునే వస్తువులు కావవి. డీవీడీ రైటర్లు వచ్చాక పాడైన డ్రైవ్ విప్పితే చాలు, మంచి ఎర్ర డయోడ్ చేతికొచ్చేది. 2010లో కాసియో సంస్థ తెచ్చిన సన్నటి ప్రొజెక్టర్లలో పాదరసపు దీపానికి బదులు 445 నానోమీటర్ల నీలి డయోడ్ల బారు ఉండేది. విడిగా కొనడం కన్నా ప్రొజెక్టర్ కొని విప్పడమే చవకని చాలామంది ఆ పనే చేశారు. ఇలా ఊడదీసిన భాగాలకు డేటాషీట్లు ఉండవు. ఔత్సాహికులే ఒక్కో రకం డయోడ్ ఎంత కరెంటు తట్టుకుంటుందో కొలిచి, గ్రాఫులు గీసి ఒకరికొకరు అందించుకున్నారు. ఆ కొలతల కోసం తెలిసి తెలిసి ఒక డయోడ్‌ను చివరిదాకా నడిపి చంపినవారూ ఉన్నారు. తర్వాత వచ్చినవారి డయోడ్లు బతికింది ఆ గ్రాఫుల వల్లే.

డయోడ్ చావుకు మూలం దాని చిన్నతనం. వెలుగు బయటికొచ్చే ముఖం మూడు మైక్రాన్ల వెడల్పు, ఒక మైక్రాన్ ఎత్తు అనుకుంటే, అందులోంచి వచ్చే 200 మిల్లీవాట్లు చదరపు సెంటీమీటరుకు 60 లక్షల వాట్లు మించిన సాంద్రతకు సమానం. స్ఫటికం తెగిన ఆ అంచు దగ్గర కొంత వెలుగు లోపలే ఇంకిపోయి వేడి పుడుతుంది. వేడెక్కిన అంచు మరింత వెలుగును పీల్చుకుంటుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. హద్దు దాటితే ఈ చక్రం సెకనులో కోటోవంతు కూడా పట్టకుండా అంచును కరిగించేస్తుంది. అప్పటినుంచి డయోడ్ వెలుగుతుంది గాని కిరణం ఉండదు, ఎల్‌ఈడీలా మసకగా మెరుస్తుంది. ఎర్ర డయోడ్లకు ఈ గండం మరీ ఎక్కువ. ఒక్క లిప్తపాటు ఎక్కువ కరెంటు వెళ్లినా చాలన్న సంగతి ఇక్కడే అర్థం చేసుకోవాలి. సగటు కరెంటు ఎంత తక్కువగా ఉన్నా ఆ ఒక్క పోటు నుంచి అది కాపాడదు.

అలాంటి పోటుల్లో మొదటిది స్థిర విద్యుత్తు. వేలి కొసనుంచి 3000 వోల్టుల లోపు మెరుపు దూకితే మనిషికి చురుక్కుమని కూడా తెలియదు. ఎర్ర డయోడ్ ఎదురు దిశలో తట్టుకునేది సాధారణంగా 2 వోల్టులే. మణికట్టుకు ఎర్త్ పట్టీ, ఎర్త్ ఉన్న సోల్డరింగ్ ఐరన్ తప్పనిసరి. టంకం పూర్తయ్యేదాకా డయోడ్ కాళ్లను సన్నటి రాగి తీగతో చుట్టి కలిపి ఉంచాలి. ఒక్కో కాలి మీద టంకం రెండు మూడు సెకన్లకు మించకూడదు. స్థిర విద్యుత్తు దెబ్బ తిన్న డయోడ్ అక్కడికక్కడే పోకపోవచ్చు. కొన్ని వారాలు బాగానే వెలిగి ఆగిపోతే, యజమాని వేడినో, కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్‌నో అనుమానిస్తాడు. అసలు కారణం వెనక్కి వెతికినా దొరకదు.

అయితే ఇళ్లలో ఎక్కువ డయోడ్లను బలిగొనేది డ్రైవర్ కలిపే తీరు. డయోడ్‌కు ఇవ్వాల్సింది స్థిరమైన కరెంటు. ఎల్ఎం317 చిప్, ఒక రెసిస్టర్ ఉంటే అతి సాదా డ్రైవర్ తయారవుతుంది. చిప్ తన 1.25 వోల్టులను రెసిస్టర్ మీద నిలబెడుతుంది కాబట్టి 5 ఓమ్‌లు పెడితే 250 మిల్లీఆంపియర్లు వెళ్తాయి. చిక్కంతా డ్రైవర్ చివర, డయోడ్‌కు సమాంతరంగా పెట్టే కెపాసిటర్‌తో. డయోడ్ కలపకుండా డ్రైవర్‌కు కరెంటు ఇస్తే ఆ కెపాసిటర్ సప్లై వోల్టేజి దాకా నిండుతుంది. ఆపైన డయోడ్‌ను తాకించారంటే, ఆ నిల్వంతా ఒక్కసారిగా దానిలోకి దూకుతుంది. వదులుగా ఉన్న కనెక్టర్, మధ్యలో పెట్టిన మల్టీమీటర్ తీగ జారడం కూడా ఇదే పని చేస్తాయి. అందుకే అనుభవజ్ఞులు కరెంటును డయోడ్‌తో కాక డమ్మీ లోడ్‌తో కొలుస్తారు. మామూలు రెక్టిఫయర్ డయోడ్లను నాలుగైదు వరసగా కలిపి, వాటికి ఒక 1 ఓమ్ రెసిస్టర్ జోడిస్తే అది సిద్ధం. రెసిస్టర్ మీద ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీఆంపియర్‌తో సమానం. అమరిక పూర్తయ్యాక స్విచ్ తీసి, కెపాసిటర్ కాళ్లను రెసిస్టర్‌తో కలిపి ఖాళీ చేసి, అప్పుడే అసలు డయోడ్‌ను టంకం పెట్టాలి.

షో ప్రొజెక్టర్‌లో మరో మోసం ఉంది. రంగుల సంకేతం 0 నుంచి 5 వోల్టుల మధ్య ఎగిసిపడుతూ ఉంటుంది. బొమ్మ నడుస్తుండగా మల్టీమీటర్ చూపేది సగటు మాత్రమే, కాబట్టి దాన్ని చూసి అమర్చితే శిఖరం దగ్గర కరెంటు ఎన్నో రెట్లు దాటిపోతుంది. నిండు 5 వోల్టులు నిలకడగా ఇచ్చి గరిష్ఠాన్ని నిర్ణయించాలి. ఆపైన సంకేతం ఎగిసినప్పుడు కరెంటు హద్దు దాటి పైకి పొడుచుకొస్తోందేమో ఆసిలోస్కోప్‌తో చూడాలి. లోహపు పునాది పలకనూ గమనించాలి. కొన్ని డయోడ్లలో డబ్బా ఒక కాలికి కలిసి ఉంటుంది, కొన్నిటిలో విడిగా ఉంటుంది. రెండు రకాలను ఒకే పలకకు బిగిస్తే డ్రైవర్లు పలక ద్వారా కలిసిపోయి డయోడ్‌లోకి అదుపులేని కరెంటు వెళ్లవచ్చు.

ఎంత కరెంటు ఇవ్వాలన్నది ఓర్పుకు పరీక్ష. కరెంటు పెంచుతూ వెలుగును కొలిస్తే గీత ముందు నిటారుగా లేచి, ఒకచోట వంగడం మొదలుపెడుతుంది. ఆ వంపుకు బాగా కిందే ఆగాలి. డీవీడీ డయోడ్ల విషయంలో ఇంకా వెనక్కి తగ్గాలి, రాసేటప్పుడు డ్రైవ్ వాటిని నానోసెకన్ల పల్సులతో నడుపుతుంది కాబట్టి ఆ శక్తి నిరంతరం వాడే లెక్క కాదు. ప్రకాశం చాలకపోతే తరంగదైర్ఘ్యం మార్చడం మేలు. అదే శక్తి దగ్గర 660 నానోమీటర్ల ఎరుపు కన్నా 638 నానోమీటర్ల ఎరుపు కంటికి దాదాపు మూడు రెట్లు వెలుగుగా తోస్తుంది. ముసలి డయోడ్‌ను పిండి తెచ్చుకునే పది ఇరవై శాతం దీని ముందు ఏపాటిది?

వేడి నెమ్మదిగా చంపుతుంది. రాగి తొడుగులో డయోడ్ అంచు గట్టిగా ఆనాలి, థర్మల్ పేస్ట్ పలచగా ఉండాలి. తొడుగులోకి నెట్టేటప్పుడు బలం అంచు వలయం మీద పడాలిగాని గాజు కిటికీ మీద కాదు. స్థూలంగా పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో వాడుక లెక్క. 638 డయోడ్ వేడెక్కితే వెలుగు కూడా త్వరగా పడిపోతుంది, అందుకే దాన్ని పెల్టియర్ పలక మీద చల్లబరుస్తారు. చలిదేశాల సూచనలు చూసి 20 డిగ్రీలకు అమర్చేస్తే మాత్రం వానాకాలంలో కాకినాడ, విశాఖ గాలిలో డయోడ్ మీద నీటి చెమ్మ పడుతుంది. అక్కడ 27, 28 డిగ్రీల దగ్గర ఆపి, పెట్టెను గాలి చొరబడకుండా మూయడమే క్షేమం.

పెట్టెలోపలి రసాయనాలదీ ఇదే తీరు. సూపర్ గ్లూ ఆవిరి లెన్సుల మీద తెల్లపొరగా పేరుకుంటుంది. సిలికోన్ జిగురు ఆవిరి నీలి, ఊదా వెలుగు తగిలిన చోట గట్టిపడి అతుక్కుపోతుంది. ఆ డయోడ్ల డబ్బా మూత కోసి తీయకూడదనడానికి కారణమిదే. కిరణానికి సరిగ్గా అడ్డంగా నిలిచిన గాజు, అద్దం ఏదైనా కొంత వెలుగును డయోడ్‌లోకే తిరగ్గొడుతుంది. ప్రతి పలకనూ కాస్త వాలుగా పెడితే ఆ బెడద ఉండదు.

అద్దాల అమరికంతా అతి తక్కువ కరెంటు దగ్గరే చేయాలి. 500 మిల్లీవాట్లు దాటిన కిరణం నాలుగో తరగతికి చెందుతుంది. గోడమీద చెదిరిన వెలుగు కూడా కంటికి హాని చేయగలదు కాబట్టి ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలు లేకుండా పెట్టె తెరవకూడదు. ప్రొజెక్టర్ పూర్తయిన రోజున ప్రతి డయోడ్ కరెంటు, ఉష్ణోగ్రత, వెలుగు రాసిపెట్టుకుని కొన్ని నెలలకోసారి అదే కరెంటు దగ్గర కొలిస్తే ముసలితనం ముందే కనబడుతుంది. ఒకే వెలుగు కోసం కరెంటు 20 శాతం దాకా పెంచాల్సి వస్తే డయోడ్ పని అయిపోయినట్లే. అక్కడ ఇంకా కరెంటు పెంచక, కొత్తది వేయడమే పద్ధతి.